పిల్లల జబ్బులు: తొందర ఎక్కడ, ఆలస్యం ఎక్కడ

జలుబు చేసిన మర్నాడే పిల్లవాడి నోట్లో యాంటీబయాటిక్ పడుతుంది. అదే పిల్లవాడు ఆరు నెలలుగా బరువు పెరగకపోయినా ఇంట్లో ఎవరి కంటా పడదు. ఒళ్ళు కాలిందంటే అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తే తల్లిదండ్రులే, ఆయాసంతో డొక్కలు ఎగరేస్తున్న పసిబిడ్డను ‘కఫం పట్టినట్టుంది, తెల్లారాక చూద్దాం’ అని ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. ప్రేమ తక్కువై ఇలా జరగడం లేదు. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. అయిదేళ్ళలోపు పిల్లలకు తరచుగా వచ్చే జబ్బుల్లో చాలావరకు వాటంతట అవే తగ్గిపోయేవే. ప్రమాదకరమైనవి కొన్నే. వాటి ఆనవాళ్ళు మాత్రం తల్లి కళ్ళకు కనబడేవే, ఏ పరీక్షా లేకుండా గుర్తుపట్టగలిగేవే. మన ఇళ్ళలో తొందర, ఆలస్యం రెండూ ఉన్నాయి, కానీ తారుమారై ఉన్నాయి. ఈ సమీక్ష దాని గురించే.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది జ్వరం కాబట్టి దానితోనే మొదలుపెట్టాలి. ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరమంటారు. చొరబడ్డ క్రిమితో ఒళ్ళు పోరాడుతోందనడానికి అది గుర్తు. మామూలు వైరస్ జ్వరం 103 దాకా వెళ్ళినా మెదడు దెబ్బతినదు. చూడాల్సింది థర్మామీటరు అంకె ఒక్కటే కాదు, పిల్లవాణ్ణి చూడాలి. జ్వరం కాస్త దిగినప్పుడు లేచి ఆడుకుంటున్నాడా, నీళ్ళో పాలో తాగుతున్నాడా, మూత్రం పోస్తున్నాడా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే 103 ఉన్నా రెండు రోజులు నిదానంగా చూడొచ్చు. 100 మాత్రమే ఉన్నా పిల్లవాడు మగతగా పడి ఉండి, పలకరిస్తే కళ్ళు తెరవకపోతే ఒక్క గంట కూడా ఆగకూడదు. మూడు నెలలు నిండని పసికందుకు ఈ లెక్కలేవీ వర్తించవు. ఆ వయసులో జ్వరం వస్తే అదే రోజు, అదే పూట డాక్టరుకు చూపించాలి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే చాలు. అది కూడా వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో ఇవ్వాలి. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు పొంచి ఉంది. మందుల షాపులో పారాసిటమాల్ మూడు రకాల బలంతో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటాయి. ఒక రకం సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120, ఇంకో రకంలో 250. పది కిలోల బిడ్డకు ఒక విడతకు 150 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటరు, 250 బలం సిరప్ అయితే మూడు, 120 బలమైతే ఆరు. ‘అయిదు ఎమ్మెల్ పట్టమన్నారు’ అన్న మాట మాత్రమే గుర్తుపెట్టుకుని చుక్కల సీసాలోంచి అయిదు మిల్లీలీటర్లు పట్టిస్తే బిడ్డ ఒంట్లోకి మూడు రెట్లకు పైగా మందు వెళ్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవాలి, సీసాతో వచ్చిన కొలత గొట్టంతోనే పట్టాలి. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత.

ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను మన దేశంలో 12 ఏళ్ళలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. పెద్దవాళ్ళ కోసం తెచ్చి అల్మరాలో పెట్టిన మాత్రను సగం విరిచి వేసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తడిగుడ్డతో తుడిచేటప్పుడు నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. ఐసు నీళ్ళతో తుడిస్తే చర్మం బిగుసుకుని, వణుకు పుట్టి, లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. దుప్పట్లు కప్పి కిటికీలు మూయడం వల్ల కూడా అదే జరుగుతుంది.

జ్వరంతో ఫిట్స్ వస్తే కన్నవాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ మధ్య పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి అయిదుగురికి ఎప్పుడో ఒకసారి ఇలా వస్తుంది. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది, మెదడుకు హాని చేయదు. ఆ సమయంలో చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వల్ల ఉపయోగం లేదు. నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. తొందరగా ఆగిపోయినా, మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చూపించి తీరాలి.

జ్వరం విషయంలో మన ప్రాంతం కోసం ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి. వానాకాలంలో వచ్చే డెంగీలో అసలు గండం జ్వరం తగ్గాకే మొదలవుతుంది. మూడో రోజుకో అయిదో రోజుకో జ్వరం దిగగానే ‘హమ్మయ్య’ అనుకుంటాం. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లోనే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోయే ప్రమాదముంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చల్లబడ్డ కాళ్ళూ చేతులూ, చిగుళ్ళనుంచో ముక్కునుంచో రక్తం, విపరీతమైన నీరసం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచవచ్చు కాబట్టి ఆ నెలల్లో వాటి జోలికి పోకపోవడం మేలు. రెండోది, జ్వరం వచ్చిన మొదటి రోజే వైడాల్ పరీక్ష చేయించి ‘టైఫాయిడ్ ఉంది’ అని పది రోజుల మందులు వాడించడం. ఆ పరీక్ష మొదటి రోజుల్లో నమ్మదగింది కాదు. టైఫాయిడ్ అనుమానం బలంగా ఉంటే రక్తం కల్చర్ చేయిస్తారు, దానికి కొంత ఓపిక కావాలి. ఆ ఓపిక లేక ఎన్ని లక్షల సీసాల యాంటీబయాటిక్ వృథాగా పిల్లల కడుపుల్లోకి పోతోందో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

ఇక విరేచనాలు. 1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం నాటి శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరాల్లో కలరాతో చనిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయిన వేళ డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి, కుటుంబసభ్యుల చేతనే రోగులకు తాగించారు. అంతకుముందు నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. పేగుల్లో గ్లూకోజుతో పాటు ఉప్పు, ఉప్పుతో పాటు నీరు లోపలికి పోతాయన్న చిన్న సూత్రం మీద నిలబడింది ఈ వైద్యం. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. అరవై ఏళ్ళ కిందట లేని ఆ ప్రాణాధారం ఇవాళ ఏ ఆశా కార్యకర్త దగ్గరైనా ఉచితంగా దొరుకుతుంది. అయినా విరేచనాలు మొదలవగానే మన ఇళ్ళలో అడిగేది ‘ఆగిపోయే మందు’, లేదంటే ‘గ్లూకోజు ఎక్కించండి’ అని.

ఆపే మందు పిల్లలకు వేయకూడదు. లోపెరమైడ్ లాంటివి పేగుల కదలికనే ఆపేసి పసిపిల్లలకు ప్రాణాపాయం తెస్తాయి. తాగగలుగుతున్న బిడ్డకు సెలైన్ అవసరమే లేదు. ఓఆర్ఎస్‌ను మాత్రం సరిగ్గా కలపాలి. ప్యాకెట్ మీద లీటరు నీళ్ళకని ఉందా, 200 మిల్లీలీటర్లకని ఉందా చూసి, మొత్తం పొడిని ఒకేసారి అన్ని నీళ్ళలోనూ కలపాలి. గ్లాసులో కాస్త పొడి వేసి కలిపితే ఉప్పు పాళ్ళు తప్పి మేలుకు బదులు కీడు జరగొచ్చు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆ పైవాళ్ళకు 100 నుంచి 200, చెంచా చెంచాగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నిదానంగా పట్టాలి. ప్యాకెట్ దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అంచుకు సమంగా తీసిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలుపుకోవచ్చు.

అయితే ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు వేరు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు చాలా తక్కువ. విరేచనాల్లో అవి తాగిస్తే పేగుల్లోకి ఇంకా నీరు లాగి జబ్బును ముదరబెడతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ‘ఓఆర్ఎస్’ అన్న మాట వాడటానికి వీల్లేదని ఆదేశించింది. ఒక డాక్టరు తన ఆస్పత్రి గది దాటి వచ్చి చేసిన ఈ పని ఎందరో పిల్లల ప్రాణాలు కాపాడేది. అయినా కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందన్న మాట ప్యాకెట్ మీద ఉందో లేదో చూసుకోండి.

ఓఆర్ఎస్‌కు తోడు జింకు 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన వారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపువారికి 10. విరేచనాలు మూడో రోజుకే ఆగినా మిగతా రోజులూ వేస్తేనే పేగు కోలుకుంటుంది, తర్వాతి నెలల్లో మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుంది. తల్లిపాలు ఆపకూడదు, అన్నం ఆపకూడదు. ‘కడుపుకు విశ్రాంతి’ అనే పేరుతో గంజినీళ్ళ మీద ఉంచితే బిడ్డ జబ్బు కంటే ఆకలితో ఎక్కువ చిక్కిపోతాడు. పళ్ళు వస్తున్నాయి కాబట్టి విరేచనాలు మామూలే అనే నమ్మకం కూడా ఆలస్యానికి పెద్ద కారణం. ఆ వయసులో దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం వల్ల క్రిములు లోపలికి పోతాయి, పళ్ళ తప్పేమీ లేదు. కళ్ళు గుంటలు పడటం, మాడు లోతుకు పోవడం, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రే.

దగ్గు దగ్గరికొస్తే మన తొందర ప్రాణాంతకం కూడా అయింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు 20 మందికి పైగా మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక విషం ఉంది. 2022లో గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు ఇలాగే పోయారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు రాయకూడదని, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. కల్తీ లేని సిరప్ అయినా చిన్నపిల్లల దగ్గును తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. బడికి వెళ్ళడం మొదలుపెట్టిన పిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, ఏడాది దాటిన వారికి పడుకునే ముందు చెంచాడు తేనె, వెచ్చటి ద్రవాలు చాలు. ఏడాది లోపు మాత్రం తేనె నాకించకూడదు. దానిలోని ఒక రకం బీజాణువులు పసికందు పేగుల్లో మొలిచి కండరాలను స్తంభింపజేసే విషాన్ని తయారుచేస్తాయి. పుట్టగానే తేనె నాకించే ఆచారాన్ని అందుకే వదులుకోవాలి.

న్యుమోనియాను గుర్తుపట్టడానికి స్టెతస్కోపు అవసరం లేదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40, ఈ అంకెకు చేరినా దాటినా అది వేగమైన శ్వాసే. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతుంటే, దాన్నే మనవాళ్ళు డొక్కలు ఎగరేయడమంటారు, ఇక లెక్కపెట్టే పని కూడా లేదు, బయల్దేరాలి. కొన్ని చోట్ల ఈ స్థితిలో బిడ్డ పొట్ట మీద వాతలు పెడతారు. ఊపిరాడక అవస్థ పడుతున్న పసివాడికి కాలిన గాయాన్ని కూడా తోడుచేయడమే అది. దీన్ని చూసినవాళ్ళు ఊరుకోకూడదు.

పదేపదే పిల్లికూతలు వచ్చేవారిది ఉబ్బసం కావచ్చు. ఇన్‌హేలర్ అంటే ‘జీవితాంతం అలవాటైపోతుంది’ అని దూరంగా పెట్టి, సిరప్‌ల మీద నెట్టుకొచ్చే ఇళ్ళు ఎన్నో. ఇన్‌హేలర్‌లో మందు చాలా తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది, అలవాటుగా మారదు. మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీనుతో ఇచ్చే చేపప్రసాదం కోసం పిల్లలను తీసుకొచ్చే కుటుంబాల నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్ర నిరూపణ లేదు. బతికున్న చేపను చిన్నపిల్లల గొంతులోకి దించడం ప్రమాదం కూడా. వెళ్ళినవాళ్ళైనా డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్‌ను ఆపొద్దన్నది నా విన్నపం.

ఇంతవరకు చెప్పినవి కళ్ళకు కనబడి భయపెట్టేవి. కనబడకుండా నష్టం చేసేవి వేరే ఉన్నాయి, నా దృష్టిలో అవే పెద్దవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ముగ్గురిలో ఒకరికి దగ్గరగా ఉన్నారు. అన్నపూర్ణ అని చెప్పుకునే డెల్టా ఉన్న రాష్ట్రం, ధాన్యం కొనుగోళ్ళలో రికార్డులు కొట్టే రాష్ట్రం, రెండింటి పరిస్థితీ ఇది. దీనికి ఏ ఆస్పత్రి ముందూ అర్ధరాత్రి వరసలుండవు. రక్తం తక్కువైన పిల్లవాడు అలసిపోతాడు, మట్టీ బలపాలూ తింటాడు, పాఠం మీద మనసు నిలపలేడు. ఇంట్లో వాడికి ‘బద్ధకం’ అన్న పేరు పడుతుంది.

కారణం కంచంలోనే ఉంది. ఆరు నెలలు నిండగానే ఘనాహారం మొదలుపెట్టాలి. మన ఉగ్గు మంచిదే, కానీ చాలా ఇళ్ళలో అది పల్చటి జావగా మారిపోయింది. చెంచా వంచితే జారి పడిపోనంత చిక్కగా ఉండాలి. మెత్తగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, మునగాకు, గుడ్డు ఉండాలి, మాంసం తినే ఇళ్ళలో బాగా ఉడికించి చిదిపిన కాలేయం కూడా. చారన్నం, పెరుగన్నం, బిస్కట్లతో పెరిగే పిల్లలకు ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏడాది దాటాక రోజుకు అర లీటరుకు మించి పాలు పట్టించడం కూడా రక్తహీనతకు దారి. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా కడుపు నింపి అన్నాన్ని దగ్గరికి రానివ్వవు. మలబద్ధకం కూడా తరచుగా ఇందువల్లే. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు, నిమ్మరసం, జామపండు ఒంటబట్టిస్తాయి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్డు బిడ్డ నోటికే చేరాలి. వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఇచ్చే ఇనుము సిరప్‌తో మలం నల్లగా వస్తుంది, అది చూసి ఆపేయొద్దు. నులిపురుగులు రక్తాన్ని పీలుస్తాయి కాబట్టి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో వేసే ఆల్బెండజోల్ మాత్రను తప్పించుకోనివ్వకండి.

‘మా వాడు ఏమీ తినడు డాక్టర్’ అన్నది పిల్లల డాక్టర్లు రోజూ వినే మాట. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదిలో ఆరేడు కిలోలు పెరుగుతాడు. రెండో ఏడాది పెరిగేది రెండు రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలి కూడా నెమ్మదిస్తుంది. ఇది తెలియక ఫోను చూపిస్తూ కుక్కి కుక్కి పెడతాం, ఆకలి పుట్టించే సిరప్‌లు అడుగుతాం. ఆ సిరప్‌ల్లో చాలావాటికి మగత తెప్పించే గుణం ఉంది. తల్లీబిడ్డల కార్డులో ఉండే పెరుగుదల గీత చూడండి. ఆ గీత వెంట బిడ్డ సాగుతుంటే, రెండు ముద్దలు తక్కువ తిన్నా దిగులక్కర్లేదు. గీత చదునుగా అయితే, బొద్దుగా కనిపిస్తున్నా సరే కారణం వెతకాలి.

పుట్టిన కొత్తలోని ఆచారాల్లో దిష్టి తీయడం వల్ల ఎవరికీ నష్టం లేదు. ముర్రుపాలు పిండి పారబోయడం వల్ల ఉంది, అది బిడ్డకు మొదటి టీకాతో సమానం. కంటికి కాటుక, చెవుల్లో ముక్కులో నూనె, బొడ్డు మీద పసుపు వద్దు. పసిరికలు పుట్టిన మూడో రోజున కనబడి వారం పది రోజుల్లో పోతే మామూలే. మొదటి 24 గంటల్లోనే కనబడినా, అరచేతుల దాకా పచ్చబడినా ఎండ చూపించి ఊరుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

టీకాల విషయంలో మన ప్రాంతం గర్వపడాల్సింది ఎంతో ఉంది. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ చవగ్గా తెచ్చిన హెపటైటిస్-బి టీకా, 2016లో జాతీయ కార్యక్రమంలో చేరిన భారత్ బయోటెక్ రోటావైరస్ చుక్కలు ఇక్కడివే. ఆ చుక్కలు మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, వాపు రావచ్చు. మామూలు జలుబుందని టీకా వాయిదా వేయనక్కర్లేదు. ఒక విడత తప్పితే మొదటినుంచి మళ్ళీ వేయించే పని లేదు, ఆగిన చోటునుంచి కొనసాగిస్తారు. తట్టు టీకా తొమ్మిదో నెలలో వేయించి రెండో విడత మరిచిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి, అది ఏడాదిన్నర వయసులో పడాలి. ఆటలమ్మ, తట్టు వచ్చినప్పుడు వేపమండలు కట్టుకోండి, కానీ అమ్మవారికి కోపమొస్తుందని మందూ మంచి తిండీ ఆపకండి. తట్టు సోకిన బిడ్డకు విటమిన్-ఏ రెండు రోజులు వరసగా ఇప్పిస్తే చూపునూ ప్రాణాన్నీ కూడా కాపాడుతుంది.

జబ్బు కాకపోయినా వదలలేనిది ప్రమాదాల సంగతి. నాలుగేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ గింజలు, బఠాణీలు ఇవ్వకండి, ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటాయి. రిమోట్లలోని గుండ్రటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లో ఆహారనాళాన్ని కాల్చగలదు. కిరోసిన్ తాగితే వాంతి చేయించకూడదు. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా రాయకుండా 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. ఇంటి ముందు నీళ్ళ సంపు మూత ఎప్పుడూ తాళంతో ఉండాలి. కుక్క గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించాలి. తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెట్టేది ఇలాంటి గీతలనే. దాచనక్కర్లేని ఇల్లుంటే ఆ ప్రాణం నిలబడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మందులచీటీతోనే తిరిగి రావాలన్న పట్టుదల మనలో చాలామందికి ఉంది. సూది వేయని డాక్టరుకు ఏమీ తెలియదనుకుని పక్క వీధి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాం. ‘మందేమీ వద్దు, మూడు రోజులు చూద్దాం’ అని చెప్పడానికి డాక్టరుకు ఎంతో చదువు, కాస్త ధైర్యం కావాలి. అలా చెప్పే డాక్టరు దొరికితే మారకండి. ఏం కనబడితే తిరిగి రావాలో, ఎంతసేపు ఆగొచ్చో అడగండి. బిడ్డ బరువు, ఆ బరువుకు మందు ఎన్ని మిల్లీలీటర్లో కార్డు మీద రాయించుకోండి.